అక్క పాట, తమ్ముడి ఉత్తరం: మెండెల్సన్ లేఖా సంపుటాల పరిశీలన

గత యూనిట్‌లో లేఖను ఒక సాహిత్య ప్రక్రియగా పరిచయం చేసుకున్నాం. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు అన్న మూడు ప్రశ్నలు వేసుకోకుండా ఏ ఉత్తరాన్నీ చదవకూడదని అక్కడ చెప్పుకున్నాం. ఈ యూనిట్‌లో వాటికి నాలుగో ప్రశ్నను చేరుస్తున్నాం: ఆ ఉత్తరాన్ని ఎవరు దాచారు? చూడడానికి ఇది గుమాస్తా పనికి సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. నిజానికి విమర్శకుడి తీర్పును తలకిందులు చేయగల ప్రశ్న ఇదే. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒకే ఒక లేఖా సేకరణను తీసుకుందాం. సంగీతకారుడు ఫెలిక్స్ మెండెల్సన్ (1809-1847) తనకు వచ్చిన ఉత్తరాలను దాచుకున్న ఆకుపచ్చ సంపుటాలే ఆ సేకరణ. పండితులు వీటిని 'గ్రీన్ బుక్స్' అంటారు. ఇవి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి.

పాశ్చాత్య సంగీతంతో మీకు పరిచయం లేకపోయినా ఇబ్బంది లేదు. ఈ పాఠానికి కావలసినంత మేరకు అక్కడక్కడా వివరిస్తాం.

సేకరణ స్వరూపం

మెండెల్సన్ జర్మనీ దేశస్థుడు. అయినా ఆనాటి ఇంగ్లండు అతన్ని దాదాపు తన సొంత మనిషిగా చూసుకుంది. 1829లో ఇరవై ఏళ్ళ వయసులో మొదటిసారి లండన్ వెళ్ళాడు. ఆ తరువాత బతికి ఉన్నంత కాలం మళ్ళీ మళ్ళీ వెళుతూనే ఉన్నాడు. అతని 'ఎలైజా' ఒరటోరియోను (బైబిల్ కథను వాద్యబృందంతోనూ గాయకబృందంతోనూ పాడే పెద్ద రచన) మొట్టమొదట వినిపించింది కూడా ఇంగ్లండులోనే, 1846 ఆగస్టు 26న బర్మింగ్‌హామ్ టౌన్‌హాలులో. కనుక అతనికి ఉత్తరాలు రాసినవారిలో ఇంగ్లండువాళ్ళు చాలామంది. సంగీతోత్సవాల నిర్వాహకులు, స్వరలిపిని అచ్చువేసే ప్రచురణకర్తలు, తోటి సంగీతకారులు, భోజనానికి పిలిచే కుటుంబాలు, లండన్‌లో స్థిరపడ్డ జర్మన్ మిత్రులు, అందరూ ఇందులో ఉన్నారు.

మెండెల్సన్ ఈ ఉత్తరాలను పారేయలేదు. కాలక్రమంలో పేర్చి, ఆకుపచ్చ అట్టలతో బైండు చేయించాడు. రెండు డజన్లకు పైగా సంపుటాలలో ఐదువేలకు మించిన ఉత్తరాలు ఇలా మిగిలాయి. తరువాత అవి కుటుంబం చేతుల్లో ఉన్నాయి. అతని కూతురు మారీ పెళ్ళి చేసుకుని లండన్‌లో స్థిరపడింది. ఆమె కొడుకు పాల్ బెనెకే ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడు. అతని నుంచి సంగీతాభిమాని అయిన మార్గరెట్ డెనెకే ద్వారా అవి బోడ్లియన్ చేరాయి. మార్గరెట్ క్రమ్ తయారుచేసిన ఉత్తరాల సూచిక 1980లో వెలువడింది.

ఆ కాలపు తపాలా సంగతి కూడా ఒక్క మాట చెప్పుకోవాలి. ఇంగ్లండులో 1839 చివరి వరకు ఉత్తరం వెల కాగితాల సంఖ్యనుబట్టి, దూరాన్నిబట్టి ఉండేది. తరచుగా ఆ డబ్బు అందుకున్నవారే చెల్లించేవారు. అందుకని ఒకే కాగితం మీద నిలువుగా రాసి, మళ్ళీ దాన్ని తిప్పి అడ్డంగా రాసేవారు. 1840లో పెన్నీ పోస్టు వచ్చాక దేశంలో ఎంత దూరమైనా తేలికపాటి ఉత్తరానికి ఒక్క పెన్నీ చాలు. కచేరీకి పిలవడానికి, పిలిచినందుకు కృతజ్ఞత చెప్పడానికి, రాలేనందుకు నొచ్చుకోవడానికి చీటీల మీద చీటీలు నడిచాయి. విక్టోరియా కాలపు సాంఘిక జీవితం మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణాల్లో ఈ ఒక్క పెన్నీ కూడా ఉంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి. ఈ సంపుటాలలో ఉన్నవి మెండెల్సన్‌కు వచ్చిన ఉత్తరాలు. అతను ఇంటివాళ్ళకు రాసినవాటిలో ఎక్కువ భాగం నేడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. అంటే ఒకే సంభాషణలో ప్రశ్న సముద్రానికి ఒక ఒడ్డున, జవాబు మరో ఒడ్డున ఉన్నాయి. ఒక వైపు ఉత్తరాలే చదివి తీర్పు చెప్పినవాళ్ళు ఎలా పొరబడతారో ముందు ముందు చూస్తారు.

1842 జూలై ఉత్తరం

మెండెల్సన్ ఉత్తరాలలో అందరికంటే ఎక్కువమంది చదివింది ఒకటుంది. 1842 జూలై 19న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తల్లి లేయాకు రాసినది. 1870లలో అచ్చులోకి వచ్చినప్పటి నుంచి దాన్ని ఉదహరించని మెండెల్సన్ జీవితచరిత్ర లేదంటే అతిశయోక్తి కాదు. పది రోజుల కిందట, అంటే జూలై 9న, శనివారం నాడు తాను బకింగ్‌హామ్ రాజభవనానికి వెళ్ళివచ్చిన వైనాన్ని అందులో వర్ణించాడు.

ఆ వర్ణన అందం గురించి ముందు చెప్పాలి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ తన ఆర్గన్‌ను వాయించి చూడమని మెండెల్సన్‌ను పిలిచాడు. ఇద్దరూ మాట్లాడుకుంటుండగా రాణి ఇంట్లో కట్టుకునే మామూలు దుస్తుల్లో వచ్చింది. అప్పుడామెకు ఇరవైమూడేళ్ళు. ఇంకో గంటలో క్లేర్‌మాంట్‌కు ప్రయాణం. గాలికి స్వరలిపి కాగితాలు గది నిండా చెల్లాచెదురైతే, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఏరడం మొదలుపెట్టింది. ఆల్బర్ట్ ఆర్గన్ మీద ఒక చర్చి కీర్తన వాయించాడు. మెండెల్సన్ తన 'సెయింట్ పాల్' లోని ఒక బృందగానం అందుకుంటే, మొదటి చరణం ముగియకముందే రాణి, ఆల్బర్ట్ గొంతు కలిపారు. తరువాత రాణి పాడడానికి సిద్ధమైంది. కానీ గదిలో ఒక చిలక ఉంది. అది తన పాటకంటే గట్టిగా అరుస్తుందని రాణికి భయం. మెండెల్సన్ స్వయంగా ఆ పంజరం ఎత్తి బయటికి తీసుకుపోయి, తెల్లబోయిన నౌకర్ల చేతికి ఇచ్చాడు.

ఇందులో రాజభవనం కనిపించదు, ఒక ఇల్లు కనిపిస్తుంది. ఆ కాలపు మధ్యతరగతి ఇళ్ళల్లో సాయంత్రం పూట జరిగేది ఇదే: ఒకరు వాద్యం ముందు కూర్చుంటారు, ఇంకొకరు పాడతారు, మూడోవారు కాగితాలు వెతుకుతారు. దేశాన్ని ఏలే దంపతులను ఆ చట్రంలో కూర్చోబెట్టడం రచయితగా మెండెల్సన్ సాధించిన విజయం. చిలక పంజరం లాంటి చిన్న వివరం దొరికితే కథకుడికి సగం పని అయిపోయినట్టే. అతనికి ఆ సంగతి బాగా తెలుసు.

అసలు ఘట్టం ఆ తరువాత వస్తుంది. రాణి మెండెల్సన్ మొదటి పాటల సంపుటి తెరిచి ఒక పాట ఎంచుకుంది. దాని పేరు 'ఇతాలియెన్', అంటే ఇటలీ. ఒకచోట అర స్వరం తేడా తప్ప చాలా శ్రుతిశుద్ధంగా పాడింది. చివరి దీర్ఘస్వరాన్ని అంత నిర్మలంగా పలికించిన ఔత్సాహిక గాయనిని తాను వినలేదని మెండెల్సన్ మెచ్చుకున్నాడు. అయితే ఆ పాట అతనిది కాదు. అక్క ఫానీ (1805-1847) రాసింది. 1820ల చివర్లో వచ్చిన ఆ ఓపస్ 8 సంపుటిలోనూ, 1830 నాటి ఓపస్ 9 లోనూ కలిపి ఆమె పాటలు ఆరు తమ్ముడి పేరుతోనే అచ్చయ్యాయి. రాణి పాడడం ముగించగానే, తనకు కష్టంగా ఉన్నా, అది ఫానీ రచన అని ఒప్పుకోక తప్పలేదని, ఇప్పుడు తన సొంత పాట ఒకటి పాడమని రాణిని అడిగానని అతను తల్లికి రాశాడు.

సాధారణంగా విమర్శకులు ఇక్కడ ఆగి, మెండెల్సన్ నిజాయితీని, హాస్యప్రియత్వాన్ని మెచ్చుకుని ముందుకు సాగిపోతారు. మనం అలా సాగిపోవద్దు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఈ ఉత్తరం అందుకున్నది మిత్రుడో ప్రచురణకర్తో అయి ఉంటే, మెండెల్సన్ ఈ ఘట్టాన్ని ఇదే స్వరంతో రాసి ఉండేవాడా? ముందుకు చదివే ముందు మీ అభిప్రాయాన్ని నాలుగైదు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.

తల్లి అడిగిన మాట

ఇప్పుడు ఐదేళ్ళు వెనక్కి వెళదాం. 1837లో ఇదే తల్లి, లేయా, కొడుక్కి ఒక ఉత్తరం రాసింది. ఫానీ కొత్త రచనలు బాగున్నాయి, వాటిని అచ్చు వేయించమని నువ్వు చెప్పు, నీ మాటైతే వింటుంది అన్నది అందులోని సారాంశం. దానికి మెండెల్సన్ జూన్ 24న జవాబిచ్చాడు. తాను అలా ప్రోత్సహించలేనన్నాడు. ప్రచురణ అంటే ఆటకాదు, రచయితగా జీవితాంతం నిలబడే ఉద్దేశం ఉన్నవారే ఆ పని చేయాలి, తనకు తెలిసిన ఫానీకి ఆ కోరికా లేదు, ఆ పిలుపూ లేదు అన్నాడు. ఆమె ఇల్లు చక్కదిద్దుకుంటుంది, ఆ మొదటి బాధ్యత తీరేదాకా సంగీతం గురించి కూడా ఆలోచించదు, అచ్చు పని ఆమెను కలవరపెడుతుంది అన్నది అతని వాదన. తనంతట తాను నిర్ణయించుకుంటే మాత్రం చేతనైన సాయం చేస్తానని చివర్లో చేర్చాడు.

ఈ జవాబు క్రూరమైనది కాదు. అందుకే ప్రమాదకరమైనది. ఇందులో అక్క మీద ప్రేమ ఉంది, గౌరవం ఉంది, వృత్తి పట్ల గంభీరమైన అభిప్రాయం ఉంది. ఇన్ని మంచి గుణాలు కలిసి ఒక తలుపు మూశాయి. నిజానికి ఆ సంవత్సరమే ఫానీ పాట ఒకటి ఒక సంకలనంలో అచ్చయింది. అంటే కోరిక లేదన్న మాట అప్పటికే పూర్తిగా నిలవడం లేదు.

1842 ఉత్తరాన్ని దీని పక్కన పెట్టండి. ఫానీ రచనలు లోకానికి తెలియాలని అడిగిన మనిషికే, ఇంగ్లండు రాణి నా పుస్తకంలోంచి ఎంచుకున్నది ఫానీ పాటనే అని మెండెల్సన్ చెబుతున్నాడు. లేయా బెర్లిన్‌లో లైప్‌జిగర్ వీధి మూడో నంబరు ఇంట్లో ఉండేది. ఫానీ కుటుంబం కూడా అదే ఆవరణలో. ఫెలిక్స్ ఉత్తరం వచ్చిందంటే అది ఒక్కరు చదివి మడిచిపెట్టేది కాదు. ఈ సంగతి తెలిసి రాసిన కొడుకు, తల్లికి చెబుతున్నట్టుగా అక్కకు కూడా చెబుతున్నాడు. ఆ నవ్వులో ఒక ఒప్పుకోలు ఉంది. కానీ ఐదేళ్ళ కిందటి అభిప్రాయాన్ని మార్చుకున్నానన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అచ్చు వేద్దాం అన్న మాటా లేదు. చిలక పంజరం నుంచి రాణి ఇచ్చిన ఉంగరం వరకు హాస్యం ఎంత జోరుగా సాగుతుందంటే, ఆ రెండు మాటలూ లేవని పాఠకుడికి గుర్తుకే రాదు. మంచి కథనం చేయగల మోసాల్లో ఇది ఒకటి. ఆ సంవత్సరం డిసెంబరులోనే లేయా చనిపోయింది.

మెండెల్సన్‌ను ముద్దాయిగా నిలబెట్టమని చెప్పడం లేదు. రాణి ముందు అతను మౌనంగా ఉండిపోతే అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా చెప్పాడు. ఆ గౌరవం అతనికి దక్కాలి. కానీ అతను నిజం చెప్పింది ఒక గదిలో, నలుగురైదుగురి మధ్య. అట్ట మీద పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఎవరి గొంతు ముందు అచ్చయింది?

మెండెల్సన్ 1847లో పోయాడు. 1863లో అతని తమ్ముడు పాల్, కొడుకు కార్ల్ కలిసి 1833 నుంచి 1847 వరకు మెండెల్సన్ రాసిన ఉత్తరాల్లో ఎంపిక చేసినవి ప్రచురించారు. అదే ఏడాది లేడీ వాలెస్ ఇంగ్లీషు అనువాదం లండన్‌లో వచ్చింది. మెండెల్సన్‌ను ఆరాధించే విక్టోరియా కాలపు కుటుంబాలు దాన్ని ఆబగా చదివాయి. 1837 నాటి నిరాకరణ ఉత్తరం అందులో ఉంది. అక్క గురించి తమ్ముడి తీర్పు ఆ విధంగా ఇంగ్లండు అంతటికీ తెలిసింది. అది మెండెల్సన్ రాసినవాటి సంపుటం గనుక అక్క రాసినవాటికి అందులో చోటు లేదు.

అవి ఎక్కడున్నాయి? ఆకుపచ్చ సంపుటాలలో. 1836 నవంబరులో, అంటే తల్లి ఆ మాట అడగడానికి కొన్ని నెలల ముందే, ఫానీ ఇదే విషయం మీద తమ్ముడికి రాసింది. భర్త విల్‌హెల్మ్ హెన్సెల్ అచ్చు వేయించమంటున్నాడు, నువ్వు వద్దంటున్నావు, నేను రెండు గడ్డి మోపుల మధ్య నిలబడ్డ గాడిదలా ఉన్నాను అన్నది. మరే విషయంలోనైనా భర్త మాట ప్రకారం నడుచుకునేదాన్ననీ, ఈ ఒక్క విషయంలో మాత్రం నీ సమ్మతి లేకుండా అడుగు వేయలేననీ చెప్పింది. ఆ ఉత్తరం తెలిసినవారికి 1837 జవాబు వేరుగా వినిపిస్తుంది. ఫానీకి కోరిక లేదని అతను తల్లికి రాసేనాటికి, నీ సమ్మతి కావాలి అని ఆమె చెప్పిన కాగితం అతని దగ్గరే ఉంది.

ఫానీ కొడుకు సెబాస్టియన్ హెన్సెల్ 1879లో మెండెల్సన్ కుటుంబ చరిత్ర ప్రచురించాడు. తల్లి ఉత్తరాలు కొన్ని అందులో వెలుగు చూశాయి. కానీ అతని ఉద్దేశం ఒక మంచి జర్మన్ కుటుంబాన్ని ఆదర్శంగా చూపించడం. అందుకు తగినట్టే ఎంపికలు, కత్తిరింపులు జరిగాయి. ఆకుపచ్చ సంపుటాల్లోని ఫానీ ఉత్తరాలు పెద్ద సంఖ్యలో, సరైన పాఠంతో మార్సియా సిట్రన్ సంపాదకత్వంలో రావడానికి 1987 దాకా ఆగవలసి వచ్చింది. 1863 నుంచి 1987 వరకు, నూట ఇరవై నాలుగేళ్ళు. తీర్పు అచ్చులో తిరుగుతోంది. వాంగ్మూలం చాలా భాగం బైండులో నిద్రపోతోంది.

ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించండి. ఆ వాంగ్మూలం అసలు మిగిలిందంటే తమ్ముడు దాచాడు కాబట్టే. తనకు ఇబ్బంది కలిగించే కాగితాలను కూడా వరుస తప్పకుండా బైండు చేయించాడు. ఒక గొప్ప సంగీతకారుడి కీర్తికి గుర్తుగా తయారైన సేకరణ, ఈ రోజు అందరికంటే ఎక్కువగా ఆ అక్కకే ఉపయోగపడుతోంది.

పోలిక కోసం విక్టోరియా రాణి దినచర్యను చూడండి. 1842 జూన్‌లో మెండెల్సన్ మొదట రాజభవనానికి వచ్చినప్పుడు, ఇంగ్లండు దేశభక్తి గీతం ఒకటి, ఆస్ట్రియా జాతీయగీతం ఒకటి ఇస్తే వాటి మీద అప్పటికప్పుడు అల్లి వాయించాడని ఆమె రాసుకుంది. ఇది మన రాగాలాపన లాంటిదే అనుకోవచ్చు. కానీ మనకు దొరికేది ఆమె చేతిరాత కాదు. 1901లో రాణి చనిపోయాక కూతురు బియాట్రిస్ ఆ దినచర్యలను తనకు తగినట్టు కుదించి తిరగరాసి, అసలు ప్రతులను నాశనం చేసింది. ఆ అసలు ప్రతుల్లో ఏముందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. దాచేవారి చెయ్యి అంటే ఇదే. ఒక చెయ్యి బైండు చేయిస్తుంది, మరో చెయ్యి తగలబెడుతుంది.

నలభై ఏళ్ళ వయసులో

1846 జూలై 9న ఫానీ తమ్ముడికి మరో ఉత్తరం రాసింది. ఈ సేకరణ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. తాను ప్రచురణకు పూనుకున్నానని తెలియజేస్తూ, పద్నాలుగేళ్ళప్పుడు నాన్నకు భయపడినట్టే నలభై ఏళ్ళప్పుడు తమ్ముళ్ళకు భయపడుతున్నాను అన్న అర్థం వచ్చే మాట రాసింది. వెంటనే భయం అన్న మాటను సవరించి, ప్రేమించిన వాళ్ళందరినీ మెప్పించాలన్న కోరిక అంటే సరిపోతుందేమో అంది.

పద్నాలుగు అన్న అంకెను గమనించండి. 1820 జూలైలో, ఫానీకి సరిగ్గా పద్నాలుగేళ్ళప్పుడు, తండ్రి అబ్రహాం ఆమెకు ఒక ఉత్తరం రాశాడు. సంగీతం ఫెలిక్స్‌కు బహుశా వృత్తి అవుతుంది, నీకు మాత్రం అది అలంకారమే కాగలదు, కావాలి కూడా అన్నది అందులో సారాంశం. ఇరవై ఆరేళ్ళ తరువాత ఆమె కలం నుంచి ఆ అంకె యాదృచ్ఛికంగా జారిందని అనుకోవడం కష్టం. ఆ మాటను నవ్వుతూ అంది కాబట్టి నవ్వుతాం. ఆ నవ్వు కింద ఇరవై ఆరేళ్ళు ఉన్నాయి. ఉత్తరంలో వ్యంగ్యం గురించి రాయవలసి వస్తే, 1842 నాటి తమ్ముడి హాస్యాన్నీ, 1846 నాటి అక్క హాస్యాన్నీ పక్కపక్కన పెట్టండి. అతని హాస్యం విషయాన్ని తేలిక చేస్తుంది. ఆమె హాస్యం విషయాన్ని బరువెక్కిస్తుంది. గద్య శిల్పంలో ఎవరు గొప్ప అంటే మెండెల్సన్ పేరే చెప్పాలి. ఒక్క వాక్యంలో ఎవరు ఎక్కువ చెప్పారంటే నా ఓటు ఫానీకే.

ఫెలిక్స్ వెంటనే జవాబు ఇవ్వలేదు. ఆగస్టు 12న రాశాడు. వృత్తిలోకి అడుగుపెడుతున్న సాటి పనివాడికి ఇచ్చినట్టు దీవెన ఇచ్చాడు. రెండు రోజుల తరువాత ఫానీ తన దినచర్యలో, మనసులో అతనికి ఇది పూర్తిగా ఇష్టం లేదని తెలుసు, అయినా ఒక మంచి మాట అన్నందుకు సంతోషం అని రాసుకుంది. ఉత్తరం, జవాబు, దినచర్య మూడూ కలిపి చదివితే తప్ప ఈ సన్నివేశం పూర్తికాదు.

ఆ ఏడాదే ఆమె ఓపస్ 1, ఆరు పాటల సంపుటి, బెర్లిన్‌లో ఆమె పేరుతో వెలువడింది. 1847 మే 14న, ఇంట్లో జరిగే ఆదివారపు కచేరీకి తమ్ముడి రచననే సాధన చేయిస్తూ ఫానీ కుప్పకూలి మరణించింది. అదే ఏడాది నవంబరు 4న ఫెలిక్స్ కూడా పోయాడు. ఆ మధ్య నెలల్లో అతను చేసిన పనుల్లో ఒకటి, అక్క చేతిరాత ప్రతులను ప్రచురణకర్తకు అందజేయడం. వాటిలో కొన్ని 1850లో అచ్చయ్యాయి.

అట్ట మీద పేరు సమస్య ఆరు పాటలతో ముగియలేదు. 1829 నాటి ఆమె రాతల్లో ఈస్టర్ సొనాటా అనే పియానో రచన ప్రస్తావన ఉంది. రచన మాత్రం కనిపించలేదు. 1970లో పారిస్‌లో ఆ పేరుతో ఒక చేతిరాత ప్రతి దొరికింది. దాని మీద ఉన్నది 'ఎఫ్. మెండెల్సన్' అన్న సంతకం. అక్కకూ తమ్ముడికీ పేరు మొదటి అక్షరం ఒకటే. ఫెలిక్స్ రచనగానే దాన్ని వాయించారు, రికార్డు చేశారు. 2010లో పరిశోధకురాలు ఏంజెలా మేస్ క్రిస్టియన్ ఆ ప్రతిని పరిశీలించి, అది ఫానీ చేతిరాతేనని, దాని పుటల సంఖ్యలు ఫానీ చేతిరాత సంపుటి ఒకదాంట్లో లోపించిన పుటలతో సరిపోతున్నాయని చూపించింది. 2017 మార్చి 8న లండన్‌లో ఆ సొనాటాను రచయిత్రి పేరు చెప్పి మరీ వినిపించారు.